పదిహేడో నంబరు పళ్ళు

పొద్దున్నే రేడియో గట్టిగా పెట్టుకుని పనిలో దిగడం ఆమెకు పాతికేళ్ళ అలవాటు. క్లినిక్‌ల నుంచి వచ్చిన పళ్ళ అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక విప్పి, డాక్టర్లకు నమూనాలు పంపుతుంది. అచ్చు మీద పేరుండదు, నంబరే. మనిషిని చూడకుండానే ఏ వైపు నములుతాడో, నిద్రలో పళ్ళు కొరుకుతాడో చెప్పేస్తుంది. చెప్పి మురిసిపోతుంది కూడా.

ఆ రోజు పదిహేడో నంబరు విప్పి దీపం కింద పెట్టింది. కింది ముందుపళ్ళు రెండింటికీ లోపలివైపు చిగురు బాగా దిగిపోయింది. ఒక దవడపన్ను మూల విరిగింది.

"ఏమండోయ్, ఇది చూశారా! ఫ్యాషనని నాలుక కుట్టించుకుని ఇనప గుండు పెట్టుకున్న మహాతల్లి ఎవరో. పొద్దస్తమానం దాన్ని పళ్ళకేసి కొట్టుకుంటే ఉంటాయా? ఇంకో ఏడాదికి ఈ రెండూ ఊడొస్తాయి. వాళ్ళమ్మ ఏం చేస్తోందో!"

"ప్లాస్టర్‌ని కూడా తిట్టేది నువ్వొక్కదానివే" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

నవ్వుతూ నమూనాను తిప్పింది. ఎడమ కోరపన్ను పక్కదాని మీదికి కాస్త వాలి ఉంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

కూతురికి ఆరేళ్ళప్పటి నుంచీ ప్రతి పుట్టినరోజుకీ పళ్ళ అచ్చు తీసి అలమారలో పేర్చేది. "నేనింకా చిన్నపిల్లనా?" అని అమ్మాయి రెండేళ్ళుగా తప్పించుకుంటోంది. ఆఖరి నమూనా తెచ్చి పక్కన పెట్టింది. అదే కోరపన్ను, అదే వాలు.

అమ్మాయి బ్యాగు తగిలించుకుని గదిలోంచి వచ్చింది.

"నోరు తెరువు."

"అమ్మా, బస్సు..."

"బస్సు పోతే ఇంకోటొస్తుంది. తెరువు!"

అమ్మాయి బల్ల మీదికి చూసి తెల్లబోయింది. "నీకు అచ్చులు పంపే క్లినిక్‌లకి కాకుండా వేరేదానికెళ్ళానే!"

"పోయిన నెల నుంచి వాళ్ళూ నాకే పంపుతున్నారే, పిచ్చిదానా!"

"నా నోరు, నా ఇష్టం. ఇలా రాద్ధాంతం చేస్తావనే చెప్పలేదు."

తిట్టడానికి నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. రెండు నమూనాలూ కూతురి చేతుల్లో పెట్టింది. "నేనేం అనను. వేలితో తడిమి చూసుకో."

అమ్మాయి పాతదాన్ని తడిమింది, కొత్తదాన్ని తడిమింది. వేలు చిగురు దిగిన చోట ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఒకటి ఊగుతోందమ్మా. భయమేసి వెళ్ళాను. ఊడిపోతుందా?"

"ఊడనిస్తానా? దిగిన చిగురు దానంతటది పైకి రాదు. కానీ ఆ గుండు ఇవాళే తీసేసి, డాక్టరు చెప్పినట్టు వింటే పన్ను నిలబడుతుంది. ఎన్ని నోళ్ళు చూశాను, నాకు తెలీదూ? సాయంత్రం నేనూ వస్తా."

అమ్మాయి అటు తిరిగి, మరలాంటి ఆ గుండు విప్పి తల్లి అరచేతిలో పెట్టింది. శనగగింజంతైనా లేదు.

అచ్చు తప్పించుకున్నది ఇందుకన్నమాట, రెండేళ్ళు! అన్నం తింటూ ఎదురుగా కూర్చున్న పిల్ల, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటే సిగ్గనుకుంది తను. పళ్ళకి గుండు తగిలే టకటక చప్పుడు ఒక్కసారీ చెవినపడలేదు.

"వాళ్ళమ్మ ఏం చేస్తోందో అన్నానే ఇందాక" అంది. "ఇదిగో, రేడియో వింటోంది."

అమ్మాయి ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆమె వెళ్ళి రేడియో కట్టేసి వచ్చింది.