ఆఖరిది అనేదాకా

గొంతుక్కూర్చోవడం తప్ప కుజుమికి ఈ లోకంలో ఇంకో విద్య రాదు. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఉద్యోగం పేరుకే. అసలు పని కంపెనీ బేస్‌బాల్ జట్టులో క్యాచర్. పిచర్ విసిరిన బంతిని కూర్చుని పట్టుకోవడం, పట్టుకున్న ప్రతిసారీ "భలే బంతి!" అని అరవడం.

"నా వంటనెప్పుడైనా అలా మెచ్చుకున్నావా?" అని పెళ్లాం దెప్పేది.

"నీ వంట అంత జోరుగా మొహం మీదికి రాదు కదే" అనేవాడు.

అలాంటివాడికి హయాసె లాంటి పిచర్ దొరకడం పూర్వజన్మ సుకృతం. జట్టు జట్టంతా ఆ కుర్రవాడి ఎడమ భుజం మీదే బతికింది. ప్రాక్టీసులో పిచర్ "ఇదే ఆఖరిది" అనేదాకా క్యాచర్ లేవకూడదని అక్కడ ఆనవాయితీ. ఆ ఆఖరిది సరిగా పడకపోతే మళ్ళీ వెయ్యాల్సిందే. చలికాలంలో ఒక సాయంత్రం ప్రాక్టీసు మధ్యలో హయాసెకి ఫోనొచ్చింది. "లేవకు అన్నా, ఇప్పుడే వస్తా. ఆఖరిది ఇంకా వెయ్యలేదు" అని నవ్వుతూ వెళ్లాడు. సముద్రం ఒడ్డున, మంచు పేరుకున్న రోడ్డు మీంచి అతని కారు నీళ్లలోకి జారిపోయింది.

అంత్యక్రియల దగ్గర జట్టులో ఎవరూ ఏడవలేదు. "ఏడుపేదో బంతి మీద చూపించండి" అన్నాడు మేనేజరు ఒగాటా. చూపించారు. బంతి కనికరించలేదు. ఆడిన ప్రతి ఆటా ఓడారు. హయాసె పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తకుండానే కొక్కేనికున్న అతని టోపీ దులిపేవారు. క్యాంటీన్లో అతని కుర్చీ ముందు సూపు గిన్నె పెట్టేవారు. అది చల్లారాక కుజుమి తాగేసేవాడు.

"చచ్చినవాడి సూపు తాగుతావేంట్రా, సిగ్గులేదూ?" అన్నాడు ఒగాటా.

"ఉప్పెక్కువైందండీ. వాడికి పడదు."

మంచు కరగడం మొదలైంది. ఆ మధ్యాహ్నం పోటీలకు బస్సు బయల్దేరుతోంది. అందరూ సామాన్లెక్కిస్తుంటే కుజుమి ప్రాక్టీసు షెడ్డు వైపు నడిచాడు. గ్లౌజు మరిచిపోయానన్నది సాకు. ఒక్కసారి తన చోట కూర్చుని, వాడికో దండం పెట్టి వచ్చేద్దామని ఉద్దేశం.

కిటికీల్లేని రేకుల షెడ్డు. తడిమట్టి వాసన, తోలుకు రాసే నూనె వాసన. పైన కరిగిన మంచు రేకుల మీదుగా సన్నగా, ఎవరో గుటకలు వేస్తున్నట్టు కారుతోంది. తలుపులోంచి వచ్చే వెలుగు సగం దూరం వెళ్లి ఆగిపోయింది. అవతలి కొసన పిచర్ నిలబడే మట్టిదిబ్బ చీకట్లో ఉంది.

కుజుమి అక్కడున్న తన గ్లౌజు తొడుక్కుని గొంతుక్కూర్చున్నాడు. దండం పెట్టాడు.

అక్కడితో లేచి ఉంటే పోయేది. కానీ అలవాటు మనిషిని అడిగి రాదు. చేతికి గ్లౌజు ఉంది, ఎదురుగా దిబ్బ ఉంది. పిడికిలితో గ్లౌజును గుద్ది, "రా నాయనా, వెయ్!" అనేశాడు.

చనిపోయినవాణ్ని ఎవడైనా రమ్మని పిలుస్తాడా? క్యాచర్ పిలుస్తాడు.

ఠప్.

గ్లౌజు వెనక్కి తన్నింది. అరచెయ్యి భగ్గున మండింది. గ్లౌజులో బంతి లేదు... బరువు మాత్రం ఉంది. ఉప్పునీళ్ల వాసన వేసింది.

"భలే బంతి!" అంది నోరు, దాని పాటికది.

లేవబోయాడు. మోకాళ్లు కదల్లేదు. అవి మొరాయించడం కొత్తేం కాదు. కానీ అప్పుడు నొప్పి ఉండేది. ఇప్పుడు నొప్పి లేదు... మోకాళ్లే లేవన్నట్టుంది.

కుడిచెయ్యి గ్లౌజులోకి వెళ్లింది. లేని బంతిని తీసి చీకట్లోకి విసిరింది. తను విసరలేదు... చెయ్యే విసిరింది.

ఠప్. "భలే బంతి!"

ఠప్. "భలే బంతి!"

బయట బస్సు హారన్ మోగింది. "ఒరేయ్ కుజుమీ, మా అందరికంటే ముందు ఎక్కి నిద్రపోయేవాడివి, ఏమైందిరా ఇవాళ!" ఒగాటా గొంతు. రక్షించండని అరవాలనుకున్నాడు. గొంతు పెంచితే చాలు, ఆ రెండు మాటలే వచ్చాయి.

తలుపు దగ్గర నీడ. మినోవా. హయాసె పోయాక అతని స్థానంలో విసురుతున్న కుర్రపిచర్.

"అన్నా, బస్సు..." మాట ఆగిపోయింది. "ఎవరు వేస్తున్నారన్నా?"

గుసగుస మాత్రం ఇంకా కుజుమిదే. "లోపలికి రాకు... ఆఖరిది అని చెప్పు..."

"అది హయాసె అన్న అనాలి కదా?"

"వాడు అనే స్థితిలో ఉంటే నిన్నెందుకు అడుగుతానురా... చెప్పు..."

మినోవా గోడ పట్టుకున్నాడు. "ఆఖరిది..." అన్నాడు.

రేకుల మీద నీళ్ల చప్పుడు ఆగింది.

ఠప్!

బాగా కిందికి పడింది. మంచి బంతి కాదు. కుజుమికి తెలుసు. తెలిసే, సరైన ఎత్తులోనే పడ్డట్టు కనబడేలా గ్లౌజును చటుక్కున పైకి జరిపాడు. అంపైర్లను జీవితమంతా మోసం చేసిన విద్య. "భలే బంతి!" అన్నాడు. అంపైర్లు నమ్మేవారు. హయాసె ఒక్కడే ఎప్పుడూ నమ్మేవాడు కాదు.

మోకాళ్లు వదిలాయి.

పడుతూ లేస్తూ బయటికి పరిగెత్తాడు. మినోవా తలుపు లాగి తాళం వేశాడు. ఇద్దరూ వెనక్కి చూడకుండా బస్సెక్కారు. జట్టంతా సీట్లలో ఉంది.

"గ్లౌజు కోసం వెళ్లి, గ్లౌజేదిరా?" అన్నాడు ఒగాటా.

కుజుమి చేతులు చూసుకున్నాడు. రెండూ ఖాళీ. బస్సులో అందరూ నవ్వారు. హయాసె పోయాక ఆ జట్టు నవ్వడం అదే మొదలు.

అప్పుడు షెడ్డులోంచి వినిపించింది.

ఠప్. "భలే బంతి!"

నవ్వులు ఆగిపోయాయి. మినోవా మెల్లగా తల తిప్పాడు. "అన్నా... అది నీ గొంతు కదా?"

'నేనిక్కడే ఉన్నాను కదరా' అనబోయాడు కుజుమి. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. బస్సులో అతని గొంతు వినిపించలేదు.

తాళం వేసిన తలుపు వెనకనుంచి, చీకట్లోంచి, బతిమాలుతున్నట్టు వినిపించింది...

"నేనిక్కడే ఉన్నాను కదరా!"