పది కిలోమీటర్ల నింద

ఎల్లారెడ్డిలో పొద్దున ఏడింటికే రాములు గొంతు వాకిలి దాటి వీధిలో పడింది. ఆ ఇంటి కోడలు సుకన్య అప్పుడే సకినాల డబ్బాలు కారు వెనక సీట్లో సర్దుతోంది. వారానికి మూడుసార్లు ఆ పద్దెనిమిదేళ్ల డీజిల్ కారులో కామారెడ్డి దుకాణాలకు వాటిని చేరవేసేది ఆమే. మొగుడు నరేందర్ దుబాయ్‌లో ఉంటే చేతులు ముడుచుకుని కూర్చోలేదు, స్టీరింగు పట్టడం తనే నేర్చుకుంది. గుండె ఉన్న పిల్ల!

“లీటరుకు పదహారు ఇచ్చే బండి నెల సంది పదే ఇస్తున్నది. ఏంది మతలబు?” అన్నాడు రాములు. “కామారెడ్డి పేరు చెప్పి ఎక్కడెక్కడ తిరుగుతున్నవ్?”

“సక్కగ పోయి సక్కగ వస్తున్న మామా.”

“మరి డీజిల్ ఏమైతున్నది? నిన్ననే నరేందర్‌కు ఫోన్ చేసి అంత చెప్పిన. తాళం చెవి ఇటియ్యి.”

సుకన్య చేతిలోని డబ్బాను సీటు మీద పెట్టేసింది. నిన్న సాయంత్రం నుంచి నరేందర్ తన ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో ఇప్పుడర్థమైంది.

అత్త కమలవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది. “నోరా అది? ఆడపిల్లను గట్లనా అనేది? తెల్లారకముందే లేసి పిండి కలుపుతది, నీకు కండ్లు లేవా?”

“నువ్వూకో!”

ఇంకొకరైతే డబ్బాలు నేలకేసి కొట్టి పుట్టింటి బస్సెక్కేవారే. సుకన్య మాత్రం కన్నీరు కూడా పెట్టలేదు. “తాళం చెవి ఇస్తగని, ఇయ్యాల మీరు నాతోని రాండ్రి మామా. ఈడ ట్యాంకు నిండ పోయిద్దాం. కామారెడ్డిల మళ్ల నింపుదాం. ఎంత పడితే బండి అంతే తాగినట్టు. అప్పుడు నన్నేమన్న అనుండ్రి.”

ఎల్లారెడ్డి బంకులో ట్యాంకు నింపించాక రాములు ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. దారిలో కారు ఒక్క సందు తిరగలేదు. గేదెలు అడ్డం వచ్చినా, ఆరబోసిన వడ్లు సగం రోడ్డు మింగినా సుకన్య చెయ్యి వణకలేదు. తనకే ఇంత నిదానం లేదని రాములు మనసులో ఒప్పుకోక తప్పలేదు.

కామారెడ్డి బంకులో నాలుగు లీటర్లు పట్టింది. వచ్చింది నలభై కిలోమీటర్లే. రాములు ఆ అంకెను రెండుసార్లు చదువుకున్నాడు. కోడలు ఎక్కడా తిరగలేదు, బండే తాగుతోంది!

అక్కడి నుంచి నేరుగా మెకానిక్ గౌస్ దగ్గరికి పోయారు. గౌస్ బానెట్ ఎత్తి, ఇంజనుకు గాలి వెళ్లే గొట్టం మూతి నుంచి మసిబట్టిన గుడ్డ ఒకటి విప్పాడు. పాత ధోవతి ముక్క, నాలుగు మడతలు.

“ఎవరు కట్టిండ్రు గిది? గాలి ఆడకపోతే డీజిల్ సక్కగ కాలది. నల్లపొగై పోతది. మైలేజ్ ఇంకేడికెళ్లి వస్తది?”

రాములు ఆ గుడ్డను గుర్తుపట్టాడు. నెల కింద కోతలు మొదలైనప్పుడు, వడ్ల దుమ్ము ఇంజనులోకి పోతుందని కట్టింది తనే. మహా తెలివైన పని చేశాననుకుని, ఆ సంగతే మరిచిపోయాడు.

“నేనే కట్టిన గౌస్ భాయ్,” అన్నాడు తల దించుకుని. తర్వాత కారులో స్టీరింగు ముందు కూర్చున్న కోడలి దగ్గరికి వచ్చాడు. “గంత మాటన్న. పొద్దున నన్ను నాలుగు తిట్టకపోయినవా బిడ్డా?”

“తిడితే మీరు కారెక్కకపోదురు మామా.”

ఆ మాటకు ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడే నిలబడి దుబాయ్‌కి ఫోన్ కలిపాడు. “నరేందరూ, నిన్న నీ పెండ్లాం మీద నేను చెప్పిందంత అబద్ధం. తప్పు నాది. ఆ పిల్ల ఒక్క అడుగు పక్కకు పోలే. ముందు ఆమెను మాఫ్ చెయ్యమని అడుగు, తర్వాత నాతోని మాట్లాడు.”

ఫోన్ కోడలి చేతికిచ్చాడు. “సుకన్యా...” అని అవతలి గొంతు వినిపించగానే, అంతసేపు ఒక్క చుక్క రాల్చని పిల్ల స్టీరింగు మీద తల ఆనించి భోరుమని ఏడ్చింది.

రాములు వెనక తలుపు తీసి, సకినాల డబ్బాలు భుజానికెత్తుకుని, దుకాణాల వైపు తనే నడిచాడు.