నాయనమ్మను పట్టించిన వాక్యం

పత్రికాఫీసులో అచ్చక్షరాలు కూర్చే కంపోజరు మెట్లెక్కి వచ్చేసరికి మాస్టారు టీ తాగుతున్నారు. కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు. చంకలో మడతపెట్టిన ఆదివారం పత్రిక ఉంది.

"రేపు సాయంత్రంలోగా తప్పు ఒప్పుకుని సంతకం పెట్టి పొమ్మన్నారండీ. పదహారేళ్ళ ఉద్యోగం. ఉద్యోగం పోతే పోయింది, చెయ్యని తప్పు చేశానని ఎలా రాసిచ్చేది?"

మాస్టారంటే వీధిలో అందరికీ తెలిసిన డిటెక్టివు. మాట తక్కువ మనిషి. పక్కన కూర్చున్నది ఆయన మేనల్లుడు. నలభై దాటినా మామయ్య వెంట తిరగడమే వాడికి ఉద్యోగమూ, సంబరమూ. పత్రిక అందుకుని మేనల్లుడే చదివాడు. ఒక నర్సమ్మ రాసిన మొదటి నవల మీద సమీక్ష అది. చివర్లో ఇలా ఉంది: "హత్య చేసింది మంచం పట్టిన నాయనమ్మే అని చెప్పేసి మీ ఆదివారం పాడుచేసేంత దుర్మార్గుణ్ణి కాను."

ఆదివారం అందరూ దాన్ని హాస్యమే అనుకున్నారు. సోమవారం పుస్తకం అంగళ్ళకు వచ్చింది. చివరి పేజీలు తిప్పిచూస్తే హంతకురాలు నిజంగా నాయనమ్మే. నవల నవ్వులపాలైంది. ఎడిటరు అడిగితే, ఇరవై రెండేళ్ళుగా ఒక్క హంతకుడి పేరూ బయటపెట్టని విమర్శకుడు "ఆ వాక్యం నాది కాదు" అనేశాడు. పేజీ అచ్చుకు వెళ్ళాక చేతిరాత కాగితాలు బుట్టలో పారెయ్యడం ఆ ఆఫీసు అలవాటు. ఇక మిగిలింది కంపోజరు.

"మీకూ ఆయనకూ పడదా?" అన్నారు మాస్టారు.

"ఆయన రాత కోడి కెలికినట్టుందని కిందటి నెల నలుగుర్లో అన్నానండీ. ఆ కక్షతోనే చేశానంటున్నారు."

మేనల్లుడు గొంతు సవరించుకున్నాడు. విమర్శకుడి సమీక్షలన్నీ కత్తిరించి నోటుపుస్తకంలో అతికించుకున్నవాడు మరి. "చూడమ్మా, ఆయన అబద్ధమాడే మనిషి కాదు. సరదాకి ఓ ముక్క కలిపుంటే చెప్పెయ్యి. మామయ్య సర్దిచెబుతారు."

ఆవిడ వాడివంక ఒకసారి చూసి, మళ్ళీ మాస్టారివైపే తిరిగింది.

"నవల చూశారా మీరు?" అన్నారు మాస్టారు.

"సోమవారం దాకా అట్ట కూడా చూళ్ళేదండీ. వచ్చేది ఒక్క కాపీ. కట్ట విప్పకుండా గుమాస్తా ఆయనింటికి పంపిస్తాడు. శుక్రవారమే నేను పేజీ కట్టేశాను."

"ఒరే, ఈ సమీక్షలో నాయనమ్మ మాట ఇంకెక్కడన్నా ఉందేమో చూడు."

మేనల్లుడు వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. తమ్ముడున్నాడు, కోడలుంది, లాయరున్నాడు, తోటమాలున్నాడు. "ఇంకెక్కడా లేదు మామయ్యా. ఆ ఒక్క చోటే."

మాస్టారు కప్పు కింద పెట్టి చెప్పులు వేసుకున్నారు.

విమర్శకుడి గదిలో నేల మీద కూడా పుస్తకాలే. ఆయన తడబడుతూ లేచి, ఉన్న ఒక్క కుర్చీ ఖాళీ చేశాడు. మేనల్లుడు ఆయన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నమస్కారం పెట్టిన చేతులు దించడం మరిచిపోయాడు.

"ఆ కంపోజరమ్మ బతుకు చెడగొట్టాలని నాకు లేదండీ," అన్నాడు విమర్శకుడు, అడక్కుండానే.

"నవల ముగింపు ఎలా ఉందండీ?"

"ముగింపా? అద్భుతం. ఊపిరి బిగబట్టి చదివాను."

మాస్టారు బల్లమీది నవల తీసి తిప్పారు. మేనల్లుడు భుజం మీంచి చూశాడు. అనుమానం ఉన్న ప్రతి పాత్ర పక్కనా పెన్సిలు టిక్కు ఉంది. నూట నలభయ్యో పేజీ తర్వాత టిక్కులు లేవు. చివర్లో ఒకచోట కాగితాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కొత్త పుస్తకం కదా అనుకున్నాడు మేనల్లుడు.

"రేపటిదాకా ఇది నాదగ్గరుంచుకుంటా," అన్నారు మాస్టారు.

మర్నాడు ఎడిటరు గదిలో అయిదుగురు కూర్చున్నారు. ఎడిటరు, విమర్శకుడు, కంపోజరు, మేనల్లుడు, ఇంకా డ్యూటీ దుస్తుల్లోనే వచ్చిన నర్సమ్మ. మాస్టారు నిలబడే మాట్లాడారు.

"అందరం ఒక దారిన వెతికాం. హంతకురాలెవరో తెలిసినవాళ్ళే ఈ వాక్యం రాశారనుకున్నాం. కంపోజరుకు తెలిసే వీల్లేదు. పుస్తకమే చూళ్ళేదు. పోనీ తెలియకుండా ఊరికే రాసిందందామా? ఆ నవల్లో ఒక నాయనమ్మ ఉందని, ఆ ముసలావిడ మంచంలో ఉందని కంపోజరుకెలా తెలుసు? సమీక్షలో ఇంకెక్కడా ఆ మాటే లేదు."

"అయితే రాసిందెవరు?" అన్నాడు ఎడిటరు.

"నాయనమ్మ ఉందని తెలిసి, చంపింది ఆవిడని తెలియనివాళ్ళు. అంటే నవల సగం చదివినవాళ్ళు. హాస్యానికి ఒక పేరు కావాలి. ఎవరిమీదా అనుమానం రాని మనిషిని ఏరుకున్నారు. నర్సమ్మగారు రెండొందల పేజీలు కష్టపడి ఎవరిమీద అనుమానం రాకుండా చూశారో, సరిగ్గా ఆవిడ మీదే వేలు పడింది."

ఆయన నవలను బల్లమీద పెట్టి చివరి పేజీలు తెరిచారు. రెండు కాగితాలు పై అంచున అతుక్కునే ఉన్నాయి. అచ్చాఫీసు కత్తికి అక్కడి మడత తెగలేదు. చింపితేగానీ లోపలి రెండు పేజీలూ చదవలేరు.

"నాయనమ్మ మంచం దిగేది ఈ లోపలే. ఈ కాపీ చదివినవాళ్ళెవరూ అది చూళ్ళేదు."

విమర్శకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"మొదట్లో అన్నీ చదివేవాణ్ణి," అన్నాడు చివరికి. "ఒకసారి నోరు జారబోయాను. ముగింపు తెలియకపోతే జారేదేముంది అని, అప్పట్నుంచి చివరి అధ్యాయం వదిలేశాను. అది నీతి అనుకున్నాను. తర్వాత చివరి రెండు అధ్యాయాలు. ఆ తర్వాత సగం. ఈ వాక్యం నాదేనని ఒప్పుకుంటే ఇదంతా బయటికొస్తుంది. అందుకని..." కంపోజరువైపు తల తిప్పబోయాడు. తిప్పలేకపోయాడు.

ఎడిటరు బల్లమీద ఉన్న ఒప్పుకోలు కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. కంపోజరు కొంగుతో ముఖం తుడుచుకుంది.

నర్సమ్మ లేచి, బల్లమీది కాగితాల కత్తి విమర్శకుడి ముందుకు జరిపింది. "కోసి చదవండి సార్."

ఆయన కోశాడు. అంచు వంకరపోయింది. అందరూ చూస్తుండగా రెండు పేజీలూ చదివాడు.

"బాగుందమ్మా. చాలా బాగుంది."

"బాగుండదండీ," అంది నర్సమ్మ మెల్లగా. "తెలిసి చదివితే ఏం బాగుంటుంది? తెలియకుండా చదవడం ఒక్కసారే కుదురుతుంది. ఆ ఒక్కసారీ మీకూ పోయింది, చదివేవాళ్ళందరికీ పోయింది."

ఆయన వచ్చే ఆదివారం సమీక్షకు బదులు జరిగింది జరిగినట్టు తన పేరుతో రాస్తానన్నాడు. "ఈసారి అర్థమయ్యేట్టు రాయండి," అంది కంపోజరు. ఎవరూ నవ్వలేదు.

మెట్ల దగ్గర మేనల్లుడు కంపోజరును ఆపాడు. "అమ్మా, నిన్న నేనన్న మాట..."

"పర్లేదులెండి," అని ఆవిడ పనిలోకి వెళ్ళిపోయింది. పర్లేదనే మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది వాడికి.

వీధిలో మామయ్య వెనక రెండడుగులు తగ్గి నడిచాడు. మలుపు దగ్గర ఉండబట్టలేక అన్నాడు. "మామయ్యా, నేను నీకు చెప్పిన నవలలున్నాయే... అవి చదివాను, ఇవి చదివాను అని..."

"ఊఁ."

"ఒక్కటీ చదవలేదు. ఆయన సమీక్షలు చదివి చెప్పేవాణ్ణి."

మాస్టారు ఆగలేదు, తిరిగి చూడలేదు. "తెలుసురా," అన్నారు. "ఏ ఒక్కదాని ముగింపూ నువ్వెప్పుడూ చెప్పలేదు."