తొమ్మిదో నంబరు బోరు గేటు

రోలీ హాకింగ్ దాహంతో చచ్చిపోయాడు. అతని జీపులో నలభై లీటర్ల మంచినీళ్ళున్నాయి. చేతులు మాత్రం వెనక బంపరుకు ఇనుప తీగతో కట్టేసి ఉన్నాయి.

ఆ శవం ఫొటోను చీఫ్ వాడిలవ్ బల్ల మీదుగా ముందుకు తోశాడు. ఆస్ట్రేలియాలో అడిలైడ్ రేవు దగ్గర ఒక పాత ఉన్ని గిడ్డంగి రెండో అంతస్తు అది. బయట బోర్డు మీద ఎరువుల కంపెనీ పేరుంటుంది. లోపల ఎరువులు అమ్మిన పాపాన ఎవరూ పోలేదు.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ క్లెమ్ ట్రెజైస్ ఫొటో చూశాడు, తిరగేసి పెట్టాడు. రోలీ, అతనూ పదకొండేళ్ళు కలిసి పనిచేశారు.

"మన వాళ్ళలో ఎవరో నోరు జారారు," అన్నాడు వాడిలవ్. "రేపు మధ్యాహ్నం రెండు గంటలకు ఎడారిలో తొమ్మిదో బోరు దగ్గరున్న ఎయిర్‌స్ట్రిప్‌లో ఒక చిన్న విమానం దిగుతుంది. అందులో శత్రు రాయబార కార్యాలయం నుంచి పారిపోయి వచ్చిన గుమాస్తా ఉంటాడు. ఈ దేశంలో వాళ్ళ గూఢచారులందరి పేర్లూ వాడి బుర్రలో ఉన్నాయి. ఈ సంగతి నలుగురికే తెలుసు. నేను, నువ్వు, రోలీ, థియా."

"థియా కాదు సార్."

"అంత గ్యారంటీ ఏమిటి?"

"ఆమెను ఆర్నెల్లు ప్రశ్నించింది నేను. క్లియరెన్స్ మీద సంతకం చేసింది నేను."

వాడిలవ్ పొగాకు పైపు దులుపుకున్నాడు. "అందుకే నిన్ను పంపుతున్నాను. స్ట్రిప్ మీద తెల్ల దుప్పటి పరిచి ఉంటేనే పైలట్ దిగుతాడు. రేడియో వాడడు. దుప్పటి పరిచే డ్యూటీ థియాది. అంతా సవ్యంగా ఉంటే సరే. లేకపోతే విమానం దిగకూడదు. ఎలా ఆపుతావో నీ ఇష్టం."

"ఏ వేషంలో వెళ్ళను?"

"బైకు మీద షికారు. జనవరి నడివేసవి ఎండలో ఒంటరిగా మోటార్‌సైకిల్ వేసుకుని ఎడారికి పోయేవాణ్ణి ఎవరూ గూఢచారి అనుకోరు. బుర్ర చెడిందనుకుంటారు."

టెక్నికల్ విభాగం వాళ్ళు టైరు గాలి కొలిచే గేజి ఒకటి ఇచ్చారు. అందులో ఒక్క తూటా. గాలి కూడా కొలుస్తుందని గర్వంగా చెప్పారు.

*

మర్నాడు ఉదయం ఏడు గంటలకు క్లెమ్ కుడ్నారా పశువుల ఎస్టేట్ వంటింట్లో ఉన్నాడు. ఎస్టేట్ యజమానురాలు బెరిల్ పాష్‌కేకి అరవై రెండేళ్ళు. ఆమె నేల మీదుగా వెళ్ళేవాడు ఆమెను అడిగే వెళ్ళాలి.

"తొమ్మిదో బోరు దాకానా? ఈ ఎండలోనా?" అంది బెరిల్, చల్లటి గొడ్డుమాంసం ముక్కలు రొట్టెల మధ్య పెట్టి కాగితంలో చుడుతూ. "అక్కడ చూడ్డానికేముంది అబ్బాయ్? ఒక గాలిమర, ఒక తొట్టి, బోలెడన్ని ఈగలు."

"ఆ ఈగల్ని చూసి సాయంత్రానికి వచ్చేస్తానండీ."

"నీకు పెళ్ళయిందా?"

"కాలేదు."

"అనుకున్నాను. నువ్వు రాకపోతే ఏడింటికి వెతకడానికి మనుషుల్ని పంపాలి. వాళ్ళకి వేరే పనుంది. కాబట్టి వచ్చెయ్."

ఆమె గొణుగుతూనే ఇంకో నీళ్ళ సంచి తెచ్చి బైకు హ్యాండిల్‌కి తగిలించింది.

మొదటి వంద కిలోమీటర్లూ గులకరాళ్ళ మైదానం. ఎర్రటి రాళ్ళు, ఎండకు నూనె రాసినట్టు మెరుస్తూ. తర్వాత రోడ్డంతా గతుకులు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడపకపోతే పళ్ళు రాలతాయి. అక్కడక్కడా పిండిలాంటి దుమ్ము గుంటలు. వాటిలో ముందు చక్రం పాతుకుపోతే మనిషి బైకు కంటే ముందు వెళ్ళిపోతాడు. క్లెమ్ టైర్లలో గాలి తగ్గించుకున్నాడు. గేజి నిజంగానే పనిచేసింది.

చచ్చిన కంగారూ మీద ఒక గద్ద కూర్చుని ఉంది. బైకు దగ్గరికొచ్చినా లేవలేదు. ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తన పని చూసుకుంది.

క్లెమ్ ఇలాంటి ఎస్టేట్‌లోనే పుట్టాడు. థియా కర్నో కూడా అలాంటి చోటే పుట్టానని చెప్పింది. క్వీన్స్‌లాండ్ పడమటి కొసలో నాన్న పశువుల కాపరి, అమ్మ వంటమనిషి అంది. తర్వాత యూరప్ వెళ్ళింది, శత్రువుల వలలో పడింది, విసిగిపోయి మనవైపు వచ్చింది. రాగి రంగు జుట్టు, పట్టు స్కార్ఫ్, నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట. ఆర్నెల్లలో నాలుగో నెలకల్లా క్లెమ్ ఆమెను ప్రేమించాడు. ఆ సంగతి రిపోర్టులో రాయలేదు.

రాసి ఉంటే రోలీ బతికేవాడేమో. ఆ ఆలోచన రాగానే యాక్సిలరేటర్ తిప్పాడు.

*

ఒంటిగంట నలభైకి పశువుల అరుపులు వినిపించాయి. ఇంజన్ చప్పుడును మించి వినిపించాయి.

మూడొందల పైచిలుకు ఆవులూ దూడలూ కంచెను ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. కళ్ళు గుంటలు పడ్డాయి. నాలుకలు నల్లబడ్డాయి. గేటు కింద దూడలు పడి ఉన్నాయి. క్లెమ్ లెక్కపెట్టాడు. పదకొండు. ఒకదాని తల్లి ఇంకా దాన్ని నాకుతూనే ఉంది.

గేటు వేసి ఉంది.

కంచెకి ఇటువైపు చుక్క నీరు లేదు. అటువైపు రెండు కిలోమీటర్లలో తొమ్మిదో బోరు తొట్టి ఉంది. వేసవిలో ఈ గేటును బార్లా తీసి, ఎవరూ ముట్టుకోకుండా గుంజకు తీగతో బిగించి కడతారు. ఆ తీగను ఎవరో ఓపిగ్గా విప్పి, చుట్ట చుట్టి, గుంజ మీద అందంగా తగిలించారు. గేటు వేసి గొలుసు పెట్టారు. పక్కనే దుమ్ములో ఒక ట్రక్కు ఆగిన జాడ ఉంది. సన్నటి మడమ బూట్ల అచ్చులున్నాయి. అన్నీ నిన్నటివి.

ఆ దేశంలో నడక వచ్చిన పిల్లవాడికి కూడా తెలుసు, తీసిన గేటు తీసే ఉంచాలి, వేసిన గేటు వేసే ఉంచాలి. కనబడ్డ గేటల్లా వేసి, మంచి పని చేశాననుకునేది బయటినుంచి వచ్చినవాళ్ళే. ఎస్టేట్‌లో పుట్టిన మనిషి తీగ కట్టిన గేటు విప్పదు. చచ్చినా విప్పదు.

నిన్న ఈ దారిన రావాల్సింది థియా ఒక్కతే. ఆర్నెల్ల ప్రశ్నలు, జవాబులు, నవ్వులు, అన్నీ ఆ గేటు దగ్గర కుప్పకూలిపోయాయి. రోలీని చంపించింది తన సంతకమే.

టైము పావు తక్కువ రెండు.

గొలుసు తీసి గేటు బార్లా తోశాడు. పశువులు ముందు నమ్మలేదు. తర్వాత ఒక ముసలి ఆవు గాలి వాసన చూసి అడుగు వేసింది. వాటికంటే ముందు వెళ్ళాలని క్లెమ్ బైకు దూకించాడు.

*

స్ట్రిప్ మధ్యలో తెల్ల దుప్పటి పరిచి ఉంది. దాని వెనకాల గాలిమర, సిమెంటు తొట్టి, థియా ట్రక్కు. ఆమె తొట్టి ముందు నిలబడి ఉంది, తలకు పచ్చ స్కార్ఫ్ చుట్టుకుని.

"ఈ నీళ్ళు తాగడానికి పనికొస్తాయా?" అని కోడ్ అడిగాడు క్లెమ్.

"టీ కాచుకుంటే ఉప్పు తెలియదు," అని సరిగ్గా చెప్పింది ఆమె. నవ్వింది. "నిన్ను పంపుతారనుకోలేదు. మీ ముసలాడికి నా మీద అనుమానమా?"

"నాకు లేదన్నాను. థియా, దారిలో ఆ బోరు గేటు నువ్వే వేశావా?"

"అవును. ఎవరో తీసి పడేసి పోయారు. మా నాన్న చూస్తే తోలు వలిచేవాడు. గేటు కనిపిస్తే వేయడం చిన్నప్పట్నుంచీ నాకు అలవాటు."

అతని మొహం చూసి ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఏం తప్పన్నాను?" అంది మెల్లగా. చేయి వెనక్కి వెళ్ళి, తొట్టికి ఆనించిన రైఫిల్ అందుకుంది.

క్లెమ్ గేజి గురిపెట్టి మీట నొక్కాడు. టిక్ మంది. నూటయాభై కిలోమీటర్ల దుమ్ము దాని గొంతులో ఉంది.

"పాపం," అంది థియా, నిజంగానే జాలిగా. "కదలకు. ముందు విమానం దిగనీ. ఆ గుమాస్తా నోటి వెంట మొదట వచ్చే పేరు నాదే."

"రోలీ ఎంతసేపు బతికాడు?"

"ఒకటిన్నర రోజు. నేను చూడలేదు. చెప్పారు."

దక్షిణాన విమానం చప్పుడు వినిపించింది. దాని వెంటే నేల అదురుతున్న చప్పుడు. థియా తిరిగి చూసింది. ఎర్రటి దుమ్ము గోడ ఒకటి స్ట్రిప్ మీదికి వస్తోంది. ఆమె పశువుల్ని చూసింది, విమానాన్ని చూసింది, తొట్టి ముందు మోకాలి మీద కూర్చుని రైఫిల్ భుజానికి ఆన్చింది.

"అక్కణ్ణుంచి లే!" అని అరిచాడు క్లెమ్. "తొట్టి వదిలి పక్కకి రా! థియా, అవి నిన్న పొద్దుట్నుంచి నీళ్ళు తాగలేదు!"

"పాత ఎత్తు, క్లెమ్!"

"ఎత్తు కాదే పిచ్చిదానా! లే!"

ఆమె లేవలేదు. దాహంతో ఉన్న మందకూ నీళ్ళకూ మధ్య నిలబడకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏ గూఢచారి బడిలోనూ ఆ పాఠం లేదు. క్లెమ్ గాలిమర ఇనుప కాళ్ళు పట్టుకుని పైకి పాకాడు. రెండు గుళ్ళు పేలాయి. ఎటు పోయాయో తెలియలేదు.

విమానం యాభై అడుగుల ఎత్తుకు దిగింది. పైలట్‌కి దుప్పటి కనిపించలేదు, స్ట్రిప్పే కనిపించలేదు. కొమ్ములు, వీపులు, దుమ్ము. చక్రాలు ఒక ఆవు వీపుకు జానెడు దూరంలో ఉండగా ముక్కు పైకెత్తి, ఉత్తరానికి వెళ్ళిపోయింది.

*

మంద తాగి తప్పుకోవడానికి గంట పట్టింది. క్లెమ్ దిగివచ్చి ఆమెను చూశాడు. చూడగలిగినంతసేపు చూసి, ట్రక్కులోని టార్పాలిన్ తెచ్చి కప్పాడు. స్కార్ఫ్ ఒక్కటే చిరగలేదు. దాన్ని చేతిలో పట్టుకుని కూర్చుని ఏడ్చాడు. రోలీ కోసమో ఆమె కోసమో తనకే తెలియలేదు.

తర్వాత ట్రక్కు రేడియోలో కుడ్నారాను పిలిచాడు.

"బెరిల్ గారూ, మీ తొమ్మిదో బోరు గేటు ఎవరో వేసేశారండీ. పదకొండు దూడలు పోయాయి. నేను తీశాను. మిగతావి నీళ్ళు తాగాయి."

"ఎవరు ఆ దిక్కుమాలిన మనిషి?" అంది బెరిల్.

"ఎవరో టూరిస్టు."

"నీకు కనిపించారా?"

"కనిపించారు."

"అయితే పేరు చెప్పు అబ్బాయ్. ఈ చుట్టుపక్కల ఎస్టేట్లన్నిటికీ చాటింపు వేయిస్తాను. పేరేమిటి?"

క్లెమ్ టార్పాలిన్ వైపు చూశాడు. మైకు మీట నొక్కాడు. ఆర్నెల్లు ప్రశ్నించాడు, నాలుగొందల పేజీల రిపోర్టు రాశాడు, ప్రేమించాడు కూడా. థియా అన్నది ఆమె తనకు చెప్పుకున్న పేరు.

"తెలియదండీ," అన్నాడు. అది అబద్ధం కాదు.