క్రిములు లేని ఊట

అన్యాయం జరిగింది ఎవరికి? ప్యో సున్‌రేకి. జరిగిన తీరు ఇది.

కొరియా దక్షిణ తీరంలోని ఒక రేవు పట్టణంలో ఆమె నీటి పరీక్షాధికారిణి. ఆరేళ్ళ క్రితం ఒక కొండ ఊటను పరీక్షించి, ఆ నీళ్ళు ఎవరినీ తాగనివ్వవద్దని పైవారికి లేఖ రాసింది. ఊట మూయలేదు. పంతొమ్మిది మంది పెదవులు నల్లబడి చనిపోయారు. విచారణలో ఆ లేఖ కనిపించలేదు. ఆమె బల్ల సోదా చేసిన గూఢచారి మా దోహ్యోన్ కోర్టులో ప్రమాణం చేసి, లేఖ అంటూ ఏదీ లేదన్నాడు. లేఖ ఉంది. అతనే సొరుగులోంచి తీశాడు. అది బయటపడితే ఊటలో విషం కలిపిన విదేశీ ముఠా జాగ్రత్తపడుతుందని, దేశం కోసం లేదనమని తోటి ఏజెంటు హా యెరిన్ చెప్పి, దాన్ని తన సంచిలో పెట్టుకున్నది. ముందుగా హెచ్చరించలేదన్న నేరానికి సున్‌రే నాలుగేళ్ళు జైల్లో ఉంది.

ఇప్పుడు, ఆగస్టు వానల్లో ఒక గురువారం ఉదయం, అదే ముఠాకు చెందిన కొరియర్ ఒకడు స్నానశాల వేడినీళ్ళ తొట్టిలో గొంతు తెగి తేలాడు. అతని బూటు అట్ట కింద సోబాంగ్ కొండ ఊట పటం దొరికింది.

చీఫ్ కూ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. టార్గెట్ అడ్మిరల్ తాక్. రిటైరైనా తీర రక్షణ ప్రణాళిక మొత్తం ఆయన తలలోనే ఉంది. రోజూ ఉదయం ఆరింటికి ఆ ఊట దగ్గర మూడు ముంతలు తాగుతాడు. ఆయనతోపాటు మరో అరవై మంది తాగి, డబ్బాలు నింపుకుని ఇంటికి మోసుకుపోతారు. ఎర్రటి రెయిన్‌కోటు మడత నలగకుండా కూర్చున్న యెరిన్ జిల్లా కార్యాలయపు కాగితాన్ని బల్ల మీదికి జరిపింది. నిన్నటి పరీక్ష. మురికిని పట్టిచ్చే కోలిఫాం క్రిములు సున్నా. తాగవచ్చునని ముద్ర. నీళ్ళతో ప్రమాదం లేదు కనుక షూటర్ వస్తాడని, మనుషుల్ని తూర్పు శిఖరం మీద పెట్టాలని ఆమె వాదించింది. చీఫ్ ఒప్పుకున్నాడు.

దోహ్యోన్ ఆ సున్నా వైపే చూస్తూ ఉండిపోయాడు. సున్‌రే లేఖలో ఉన్న అంకె కూడా సున్నాయే. సున్నాకు ఆమె ఎందుకు భయపడిందో అతను ఏనాడూ అడగలేదు.

ఆమె ఇప్పుడు ఆ కొండ కిందే ఓక్ చెట్టు గింజలతో చేసిన జెల్లీ అమ్ముకుంటున్నది.

“రండి సాక్షిగారూ,” అన్నది కత్తి ఆపకుండా. “ఈసారి ఏం లేదని చెప్పడానికి వచ్చారు?”

అతను కాగితం ఆమె ముందు పెట్టాడు. చదివి కత్తి కింద పెట్టింది.

“మూడు రోజులుగా వాన. కొండ నిండా ఉడతలు, కుక్కలు, మీలాంటి పెద్దమనుషులు. కోలిఫాం సున్నా ఎలా అవుతుందయ్యా?”

నడుముకు చుట్టుకున్న గుడ్డ పట్టీలోంచి రెండు గాజు గొట్టాలు తీసింది. ఒంటి వేడే ఆమె ప్రయోగశాల; మందు కలిపిన నీళ్ళలో క్రిములుంటే ఆ వేడికి పెరిగి రంగు మారుస్తాయి. జైలు నుంచి వచ్చాక వారం వారం అలాగే పరీక్షిస్తున్నది, ఎవరూ అడగకపోయినా. కిందటి వారం నీళ్ళు పసుపెక్కాయి. మొన్న పట్టినవి రంగు మారలేదు. రహస్య సిరా చదివే చిన్న టార్చిని దోహ్యోన్ వాటి మీద వేశాడు. పసుపు గొట్టం నీలంగా వెలిగింది. రెండోది నల్లగానే ఉంది.

“నీలంగా వెలిగేది పేగుల్లోంచి వచ్చిన రకం. ఇవి మనుషుల్ని చంపడం తక్కువే. మురికి వచ్చి చేరిందని చెప్పే ఇన్‌ఫార్మర్లనుకో. ఇన్‌ఫార్మర్లందరూ ఒక్కసారే నోరు మూశారంటే అర్థమేమిటో మీ వృత్తిలో నేర్పలేదా?”

“ఎవరో చంపేశారని.”

“చిన్న మోతాదు విషంతో సరిచూసుకున్నారు. అప్పుడూ అంతే. పెద్ద మోతాదు వెనకాలే వస్తుంది.”

అతను క్షమాపణ మొదలుపెట్టబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“కోర్టులో పోయింది కోర్టులోనే దొరకాలి. నా లేఖ ఎవరి చేతిలో పెట్టావు?”

చెప్పాడు. ఈ కాగితం తెచ్చి, మనుషుల్ని ఊట దగ్గర్నుంచి శిఖరం మీదికి పంపించిందీ ఆమేనన్నాడు.

“అయితే ఆ పిల్ల బతికుండాలి. దాన్ని చంపావంటే నా మాటకు రుజువు ఉండదు.”

చీఫ్‌కు చెప్పే దారి లేదు. ఆఫీసు వైర్‌లెస్ మొత్తం యెరిన్ చెవిలోంచే పోతుంది. శుక్రవారం ఐదున్నరకు దోహ్యోన్ ఒంటరిగా కొండెక్కాడు. తల మీద నెరసిన విగ్గు, వీపున రెండు నీళ్ళ డబ్బాలు. ఊట వెనక, కాస్త ఎగువన, దానికి నీళ్ళందించే రాతి తొట్టికి ఇనుప మూత తీసి ఉంది. మునిసిపల్ కోటు తొడుక్కున్న ఒకడు దాని మీదికి వంగి ఉన్నాడు.

దోహ్యోన్ డబ్బాతో వాడి మొహం పగలగొట్టాడు. వాడి కత్తి అతని పక్కటెముకల మీదుగా చీల్చుకుపోయింది. దోహ్యోన్ జుట్టు పట్టి వాడి తలను మూత అంచుకేసి కొట్టాడు, ఎముక చితికిన చప్పుడు వినిపించేదాకా కొట్టి, లోయలోకి తోశాడు.

“వయసైనా చెయ్యి బాగానే ఉంది సీనియర్.”

ఎర్ర రెయిన్‌కోటు. కుడిచేతిలో సైలెన్సర్ పిస్టల్, ఎడమచేతిలో బొటనవేలంత స్టీలు క్యాప్సూల్.

“మనవాళ్ళు తూర్పు శిఖరం మీద తడుస్తున్నారు,” అన్నది యెరిన్.

“సున్‌రే లేఖ కాల్చేశావా?”

“కాల్చడానికి నేనేం పిచ్చిదాన్నా? బ్యాంకు లాకర్లో ఉంది. మా ముఠావాళ్ళు రేపు నన్ను వదిలేస్తే, అది చూపించి సర్కారుతో బేరమాడుకోవాలి.”

తూటా అతని ఎడమ భుజం ఎముకను విరిచింది. అతను మోకాళ్ళ మీద పడ్డాడు. కోటు కింద అతని పిస్టల్ సిద్ధంగా ఉంది. ఆరడుగుల దూరంలో ఆమె గుండె. ఒక్క నొక్కుతో ముగిసిపోయేది. అతను పిస్టల్ కిందికి దించి ఆమె మోకాలు పేల్చాడు. పడుతూ ఆమె క్యాప్సూల్‌ను తొట్టిలోకి విసిరింది. మీద పడిన అతని తొడలోకి కత్తి దించి తిప్పింది. అతను కేక మింగి, ఆమె మణికట్టు విరిచాడు.

కింద ఊట దగ్గర అడ్మిరల్ తాక్ ముంత పెదవుల దాకా తెచ్చాడు. దోహ్యోన్ వెనకాలే కొండెక్కి వచ్చిన సున్‌రే దాన్ని ఎగరగొట్టింది.

“మతి పోయిందా అమ్మా?” అన్నాడాయన.

“బోర్డు మీద తాగవచ్చన్న ముద్ర కనబడటం లేదూ?” అన్నాడొక ముసలాయన. ఇంకొకడు ఆమె మొహం గుర్తుపట్టి, పంతొమ్మిది మందిని చంపింది ఈమేనన్నాడు. చేతులు మళ్ళీ ముంతల మీదికి పోయాయి.

అప్పుడే దోహ్యోన్ యెరిన్‌ను కాలరు పట్టి ఈడ్చుకుంటూ బండ పక్కనుంచి వచ్చాడు. విగ్గు చెవి మీద వేలాడుతోంది. నడిచినంత మేరా నెత్తురు.

“ఆమె చెప్పేది నిజం,” అన్నాడు. “ఆరేళ్ళ క్రితమూ నిజమే చెప్పింది. అబద్ధమాడింది నేను.”

ముంతలు ఒక్కొక్కటే కింద పడ్డాయి.

లాకర్లోంచి లేఖ కోర్టుకు వచ్చింది. యెరిన్‌ను చక్రాల కుర్చీలో తెచ్చి బోనులో ఉంచారు. తన ప్రాణం కోసం బేరమాడుతూ లేఖ సంగతి మొత్తం కక్కింది. సున్‌రే శిక్ష రద్దయింది, ఉద్యోగం తిరిగి వచ్చింది. తప్పుడు సాక్ష్యానికి దోహ్యోన్‌కు నాలుగేళ్ళు పడింది. అతని గాయాలు, అడ్మిరల్ సిఫారసు చూపి అప్పీలు చేద్దామన్నాడు వకీలు. అతను ఒప్పుకోలేదు. నాలుగేళ్ళూ, ఒక్క పూట తగ్గకుండా, అనుభవించాడు.

తిరిగి పరీక్షాధికారిణి కుర్చీలో కూర్చున్నాక సున్‌రే సంతకం చేసిన మొదటి కాగితం అతనున్న జైలు బావి గురించే: కోలిఫాం ఉన్నది, మరిగించకుండా ఖైదీలకు ఇవ్వరాదు.