వెనక ఎవ్వరూ లేరు

వెనక్కి తిరిగి చూడకుండా నడిస్తే పుణ్యం ఎక్కువ వస్తుందని మీకు ఎవరు చెప్పారు? భుజాన సంచి, నోట శివనామం, కాళ్లకు తొందర. మీ జట్టు ముసలాయన అక్కడ మైలురాయి మీద కూలబడి పిలుస్తుంటే ‘నిదానంగా రా తాతా’ అని నవ్వుకుంటూ ఇంత దూరం వచ్చారు. సిగ్గు లేదా? కూర్చోండి. ఆయన ఈ గడప దాటేదాకా ఇక్కడ ఎవరికీ విస్తరి వెయ్యను. ఆయన వచ్చేలోపు మీకు ఒకటి చెబుతాను. విన్నాక కూడా నవ్వు వస్తే నవ్వండి.

డెబ్బైల మొదట్లో మాట. మెదక్ దిక్కు నుంచి మా ఊరివాళ్లం శివరాత్రికి శ్రీశైలం నడిచిపోతున్నాం. జట్టుకు పెద్ద బాలనర్సింహ. మనిషి మంచి నడకగాడు. గొంతు పెద్దది, ఆకలి అంతకన్నా పెద్దది. నా పని బస చూడడం. రోజూ అందరికంటే ముందు బయలుదేరి, సాయంత్రానికి చేరాల్సిన ఊళ్లో ఇల్లు ఇచ్చేవాళ్లను వెతకాలి. ఆకలి మీద ఉన్నా సరే, జట్టు వచ్చేదాకా నేను మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టేవాణ్ణి కాదు.

జట్టులో లలితమ్మ ఉండేది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. బాలనర్సింహకు స్వయానా వదిన. అన్న పోయాక ఆమె వాళ్లింట్లోనే ఉంటోంది. మడమలు పగిలి, గుడ్డలు చుట్టుకుని నడిచేది. నోరు మాత్రం ఆగేది కాదు.

ఆ పొద్దున నేను బయలుదేరుతుంటే పిలిచింది. “ఓ సంగయ్యా, ఇయ్యాలన్న జర మెత్తటి జాగ సూడు. నిన్న బండల మీద పండినమా, నా నడుము ఇంకా ఆడనే పండుకోని ఉన్నది.”

అందరూ నవ్వారు. బాలనర్సింహ నవ్వలేదు.

“నడుము తర్వాత. ముందు కాళ్లు కదిలియ్యి వదినె. నీ నడకకు శివరాత్రి కాదు, ఉగాది వస్తది.”

“వస్తే రానీ మరిది. ఉగాది పచ్చడి ఆడనే తాగొస్త.”

నేను నయాపూల్ మీద మూసీ దాటి, చార్మినార్, శాలిబండ మీదుగా చాంద్రాయణగుట్ట చేరాను. అప్పట్లో పట్నం అక్కడితో అయిపోయేది. ఆ తర్వాత బీళ్లు, రాళ్లు, అచ్చంపేట దిక్కు పోయే రోడ్డు. ఊరి చివర బసవయ్య సేఠ్ ఇల్లు. ధాన్యం అమ్మే తాతల నాటి గల్లా దుకాణం ముందు, వెనక పెద్ద హాలు. శ్రీశైలం నడిచేవాళ్లకు ఆ ఇంట్లో ఎప్పుడూ కాదనరని విన్నాను.

బసవయ్య నన్ను చూసి గద్దె మీద నుంచి లేచి వచ్చాడు. “ఎంతమంది ఉంటె ఏంది సామీ, జాగ మస్తుగున్నది. ఫికర్ చెయ్యకుండ్రి. అవ్వా! నడిచేటోళ్లు వచ్చిండ్రు!”

లోపలి నుంచి వాళ్లమ్మ చంద్రమ్మ వచ్చింది. నుదుట అడ్డంగా విబూది. నా కాళ్ల వైపు చూసింది. “ఈయన కాళ్లు సూడు బసవా, కుమ్మరి వామిల కాల్చినట్టున్నయి.” అరుగు మీద గంగాళం నిండా నీళ్లు పోయించింది.

హాల్లో వరిగడ్డి పరిచి, దాని మీద జంపఖానాలు వేసి ఉన్నాయి. చేత్తో నొక్కి చూశాను. మెత్తగా ఉంది. లలితక్క మురిసిపోతుందనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు జట్టు వచ్చింది. బసవయ్య ఒక్కొక్కరి కాళ్ల మీద నీళ్లు పోశాడు. లోపల పప్పు తిరగమోత వాసన. నేను వచ్చినవాళ్లను చూసుకుంటున్నాను. గుడ్డలు చుట్టిన కాళ్లు కనబడలేదు.

“లలితక్క ఏది?” అని అడిగాను.

“ఆమె మేనమామ కొడుకు కిషన్‌బాగ్ల ఉంటడు. రాత్రికి ఆడ ఉంటదట. పొద్దుగాల వస్తది” అన్నాడు బాలనర్సింహ. నా వైపు చూడకుండా కాళ్లు రుద్దుకున్నాడు.

నమ్మాను. జట్టు పెద్ద మాట నమ్మకపోతే ఎవరి మాట నమ్మాలి? అతను ఆమెను శాలిబండ ఎత్తు కాడ, మూసిన దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టి, ‘బస దొరకంగనే రిక్షా పంపుత’ అని చెప్పి వచ్చాడని నాకు అప్పటికి తెలియదు.

అందరూ లోపలికి వచ్చాక చంద్రమ్మ దీపం పట్టుకుని గడప మీద నిలబడింది. చీకటి పడ్డ రోడ్డు వైపు చూస్తూ, జట్టు పెద్దను పక్కకు పిలిచి అడిగింది.

“ఎనుక ఎవరన్న ఉన్నరా?”

బాలనర్సింహ తడబడ్డాడు. అప్పుడే బసవయ్య నవ్వుతూ అన్నాడు. “జల్ది చెప్పు సామీ. ఆఖరి మనిషి గడప దాటి, గడియ పడ్డంకనే మా ఇంట్ల విస్తరి వేస్తం. అన్నం చల్లారుతున్నది.”

బాలనర్సింహ లోపల పేర్చి పెట్టిన విస్తర్ల వైపు చూశాడు.

“ఎనుక ఎవ్వరు లేరు” అన్నాడు.

చంద్రమ్మ దీపం తగ్గించింది. బసవయ్య తలుపు మూసి అడ్డగడియ వేశాడు. మొద్దులాంటి గడియ. అది పడినప్పుడు గోడ అదిరింది.

వడ్డిస్తుంటే నేను అడిగాను. “అవ్వా, గట్ల అడుగుడు ఎందుకు?”

“తొవ్వల పానం పోయినోళ్లు ఉంటరు బిడ్డా. వాళ్లకు గుడి అందలె, ఇల్లు అందలె. నడిచేటోళ్ల సప్పుడు ఇని ఎనుకంబడి వస్తరు. బస అడుగుతరు. అందుకే గడప మీద అడుగుతం. ఎవ్వరు లేరన్న మాట పడ్డంక వచ్చి తలుపు కొట్టేటోళ్లు మనోళ్లు కారు. ఇగ కోడి కూసినంకనే తెరుస్తం.”

బాలనర్సింహ ముద్ద నోటి దగ్గర ఆగింది. కాసేపటికి తిన్నాడు. తిన్నాక లేచి తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. ‘ఏంది?’ అంటే ‘ఏం లేదు’ అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. పరువు పోతుందని చెప్పలేదు.

పడుకున్నాం. పక్క కొట్టులోంచి గోనెసంచుల వాసన, బెల్లం వాసన. కాళ్లకు రాసుకున్న ఆముదం వాసన. ఫలక్‌నుమా వైపు ఎక్కడో రైలు కూత వేసి ఆగిపోయింది. కుక్కలు మొరిగాయి. తర్వాత అన్నీ ఒక్కసారిగా మానేశాయి.

నాకు మెలకువ వచ్చింది నీళ్ల చప్పుడుకు.

బయట అరుగు మీద ఎవరో చెంబుతో గంగాళంలో నీళ్లు ముంచి పోసుకుంటున్నారు. నింపాదిగా. ఒక కాలు. తర్వాత రెండో కాలు. గుడ్డ పిండిన చప్పుడు.

తర్వాత తలుపు మీద వేళ్లు.

“సంగయ్యా... మెత్తటి జాగ దొరికిందా?”

లలితక్క గొంతు. పొద్దున విన్న గొంతే. ఎగిరి లేచి తలుపు దగ్గరికి పోయాను. చీకట్లోంచి ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. బసవయ్య.

“వద్దు సామీ” అని గుసగుసగా అన్నాడు.

“మా అక్క...”

“మీ పెద్ద మాట ఇచ్చిండు.”

“ఆమె కిషన్‌బాగ్ల ఉన్నది. దారి ఎతుక్కుంట వచ్చిందేమో!”

వెనక వెక్కిన చప్పుడైంది. తిరిగి చూస్తే బాలనర్సింహ. గోడకు ఆనుకుని, పంచె చెంగు నోట్లో కుక్కుకుని ఉన్నాడు. చంద్రమ్మ దీపం తెచ్చి అతని ముఖం మీద పెట్టింది. అతను చెప్పేశాడు. శాలిబండ మెట్లు. రిక్షా. అన్నం చల్లారుతుందన్న మాట. అన్నీ.

ఆ పెద్దావిడ అతన్ని తిట్టలేదు.

“ఎంత పని చేసినవు కొడుకా. గడప మీద నిలబడి ఆమె మనకు ఎవ్వరు కాదంటివి.”

“తెరువుండ్రి!” అన్నాను. “బతికే ఉన్నదేమో! రాత్రంత చలిల ఉంచుతరా?”

చంద్రమ్మ వంగి, దీపాన్ని తలుపు కింద సందు దగ్గర పెట్టి, నన్ను చూడమంది.

నేల మీద బోర్లా పడుకుని చూశాను.

గుడ్డలు చుట్టిన కాళ్లు. తడిగా ఉన్నాయి. అవి లలితక్కవే.

వాటి పక్కన ఇంకో రెండు. వాటి పక్కన ఇంకో రెండు. వేళ్లు లేనివి. ఎముక తేలినవి. చిన్నవి... పిల్లలవి. దీపం వెలుగు పోయినంత దూరం కాళ్లే. అన్నీ తలుపు వైపే తిరిగి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

“ఆమె ఒక్కతె రాలేదు బిడ్డా” అంది చంద్రమ్మ. “ఆమెకు తెరిస్తే అందరికీ తెరిచినట్టే.”

నేను ఏం చెయ్యాలి? మీరైతే ఏం చేసేవారు? ఆరోజు నుంచి ఇదే ప్రశ్న నన్ను నేను అడుగుతున్నాను. తలుపుకు ఇవతల నిద్రపోతున్న మా జట్టు. అవతల మా అక్క. చెయ్యి చాపితే గడియ అందుతుంది. చెయ్యి లేవలేదు.

“సంగయ్యా... చలి పెడుతున్నదిరా...”

చెవులు మూసుకున్నాను. అరచేతుల్లోంచి కూడా వినబడింది.

“నడుము నొస్తున్నది... జర తియ్యవా...”

తర్వాత ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. పోయారనుకున్నాను. బసవయ్య నా చెయ్యి వదిలాడు.

అప్పుడు బయట ఎవరో అడిగారు. ఆడ గొంతో మగ గొంతో తెలియలేదు. చాలా పాత గొంతు. దుమ్ములోంచి వచ్చినట్టుంది.

“అందరు వచ్చిండ్రా?”

లలితక్క జవాబు చెప్పింది. మెల్లగా, ఏ కోపం లేకుండా.

“ఒక్కడు రావాలె.”

బాలనర్సింహ నేల మీద ముడుచుకుపోయాడు. చంద్రమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుని, నోట్లో నోట్లో పంచాక్షరి చదువుతూ కూర్చుంది. కోడి కూసేదాకా ఆ గొంతులు మళ్లీ వినబడలేదు. కానీ ఎవరూ వెళ్లిపోయిన అడుగుల చప్పుడు కూడా వినబడలేదు.

తెల్లవారి తలుపు తీశాం. అరుగు మీద ఎవరూ లేరు. గంగాళం అడుగంటి ఉంది.

శాలిబండకు పరుగెత్తాం. మెట్ల ఎదురుగా చాయ్ హోటల్. ఆ హోటలాయన మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. మెట్ల మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది. తల దగ్గర దీపం.

“మీ మనిషేనా భాయ్? చాయ్ ఇచ్చిన, తాగలె. పొద్దుగూకంగ ఇచ్చే మగ్రిబ్ అజాన్‌కు ముందుగాల్నే పాణం పోయింది. ఎవరోళ్లో ఎరుక లేదు. రాత్రంత నేనే కూసున్న.” బాలనర్సింహ వైపు చూశాడు. “గీయన్ని పిలుస్తుండె పాపం. గీయన మర్లి సూడలె.”

అజాన్‌కు ముందు. మా జట్టు అప్పటికి ఇంకా చాంద్రాయణగుట్ట చేరనే లేదు. గడప మీద బాలనర్సింహ ఆ మాట అనేసరికే ఆమె లేదు. ఆమెకు ఇవ్వడానికి మిగిలింది ‘ఎనుక ఒకామె ఉన్నది’ అనే ఒక్క మాట. అదీ అతను ఇవ్వలేదు.

ఆ ఏడు శ్రీశైలం పోలేదు. ఆమెను పట్నంలోనే సాగనంపి ఊరికి తిరిగి వచ్చాం.

ఇక బాలనర్సింహ సంగతి. దీపాలు పెట్టే వేళయితే అతను ఇంట్లో ఉండలేకపోయాడు. పొద్దుగూకగానే లేచి బయటికి వెళ్లి రోడ్డు మీద నిలబడేవాడు. పిల్లలు చెయ్యి పట్టి లాక్కొస్తే ‘నా కోసం ఆగిండ్రురా, పోనియ్యుండ్రి’ అని ఏడ్చేవాడు. భార్య తలుపుకు తాళం వేసింది. లోపల గోడ పొడుగునా నడిచాడు. వైద్యులకు చూపించారు, తాయెత్తులు కట్టించారు. ఒకరోజు నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. అంత నడకగాడు మంచాన పడ్డాడు. ఇంటివాళ్లు, దేవుడు నన్ను మన్నించుగాక, ఊపిరి పీల్చుకున్నారు.

రెండేళ్లు మంచం దిగలేదు. కాళ్లు పుల్లల్లా ఎండిపోయాయి. మరీ మరీ చెబుతున్నాను, ఆ కాళ్లు రెండేళ్లు నేల తాకలేదు. పక్కకు తిప్పాలన్నా ఇద్దరు పట్టేవాళ్లం. ఒక మాఘమాసపు తెల్లవారుజామున పోయాడు. మంచు పడుతోంది. పళ్లు కొట్టుకునే చలి.

కడపటి స్నానం చేయించింది నేనే. తల మీద పోశాను, ఒంటి మీద పోశాను. కాళ్ల దగ్గరికి వచ్చి అరికాళ్లు ఎత్తి చూసి చెంబు జారవిడిచాను.

బొబ్బలెక్కి, చిట్లి, ఎండి, ఆ ఎండిన దాని మీద మళ్లీ చిట్లి ఉన్నాయి. మడమలు కండ దాకా అరిగిపోయాయి. వేళ్ల సందుల్లో ఏదో నల్లగా పట్టుకుని ఉంది. శ్రీశైలం అడవి మట్టి ఎర్రగా ఉంటుంది, నాకు తెలుసు. దాని జాడ ఒక్క రవ్వ కూడా లేదు. ఉన్నది తారు. మా ఊరికి అప్పటికి తారు రోడ్డు పడలేదు. అది ఎండకు కరిగిన పట్నం రోడ్డు తారు. అన్నాళ్లు నడిచి, ఆ మనిషి ఇంకా పట్నం దాటలేదు.

గీకితే నా వేళ్లకు అంటుకుంది.

ఇంకా వెచ్చగా ఉంది.