వాషింగ్ మెషీన్ ఉన్న గది

...అయినా, సెలవులకి వెళ్ళేచోట వాషింగ్ మెషీన్ ఎందుకని అడగడంలో కొడుకు తప్పేముంది? ఎవరైనా అడుగుతారు. సరదాగా నాలుగు రోజులు పట్నం చూసి రావడానికి బయల్దేరుతూ, అక్కడ బట్టలుతుక్కునే వీలుందా, ఆరేసుకోవడానికి తీగ ఉందా అని వెతికే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఈ ఇంట్లో నవ్వు రానిది తనొక్కదానికే. నవ్వడానికి తనకున్న అర్హత కూడా ఎప్పుడో పోయింది...

ఆవిడ కిటికీ పక్కన పడక్కుర్చీలో కూర్చుని మనవరాలి చొక్కాకి బొత్తం కుడుతోంది. పనివాళ్ళ యూనిఫారాలు కుట్టి కొడుకుని పెంచిన చెయ్యి అది. బొత్తం ఎప్పుడో కుట్టేసింది. అయినా సూది అదే రంధ్రంలోంచి దిగుతోంది, లేస్తోంది. చేతిలో పని ఉంటే తల ఎత్తక్కర్లేదు కదా! తల ఎత్తితే ఎదురుగా సోఫాలో కొడుకు, కోడలు, మనవరాలు. ముగ్గురూ ఒక్క ఫోను మీద తలలు ఆనించి ఉన్నారు. ఫోనులో ఒకదాని వెనక ఒకటి గదులు వస్తున్నాయి. ప్రతి గదిలోనూ మంచం. ప్రతి మంచం మీదా మడత నలగని తెల్లటి దుప్పటి...

"ఇదీ గదంటే!" అన్నాడు కొడుకు. "పన్నెండో అంతస్తు. కిటికీ తెర పక్కకి లాగితే ఊరంతా కాళ్ళ కింద! పెద్ద మంచం ఒకటి, అటూ ఇటూ చిన్నవి రెండు. అమ్మ ఇక్కడ, పిచ్చుక అక్కడ. నలుగురం ఒకేచోట."

"ఒకేచోటంటే... మంచాలు మరీ దగ్గరగా ఉన్నాయండీ," అంది కోడలు.

"దగ్గరగా ఉంటే ఏం? మనమేమైనా పోట్లాడుకున్నామా?"

"అది కాదు. పరుపులు చూడండి, ఎంత తెల్లగా ఉన్నాయో."

"ఇదెక్కడి గోలే! పరుపులు తెల్లగా ఉండటం కూడా తప్పేనా?"

పిచ్చుక కిసుక్కున నవ్వింది. పిల్లకి ఆ పేరు పెట్టింది నాన్నమ్మే, వాగుడు చూసి. "అమ్మకి తెలుపంటే భయం నాన్నా! నీళ్ళు పోస్తే మచ్చ కనబడిపోతుందిగా. ఒలకబోతమ్మ కష్టాలు ఒలకబోతమ్మవి!"

కొడుకు కూడా నవ్వాడు. కోడలు నవ్వినట్టు పెదాలు కదిపి, ఫోను తన వైపుకి తిప్పుకుంది.

ఒలకబోతమ్మ! సూది ఆవిడ వేలికి గుచ్చుకుంది. చిన్న ఎర్రటి చుక్క. ఆ చుక్కని నోట్లో పెట్టుకుంటూ, ఇది కూడా శిక్ష కింద లెక్కకొస్తుందా అనుకుంది. రాదు. ఇంత చవగ్గా రాదు.

కిందటి వానాకాలంలో ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి నడుము కింద చల్లగా తగిలింది. మనసు ఎంత గడుసుదో ఆ రోజే తెలిసింది ఆవిడకి. పై కప్పు కారిందేమో అనుకుంది ముందు. తల పైకెత్తి చూసింది. కప్పు పొడిగా ఉంది. కిటికీలోంచి జల్లు కొట్టిందేమో. కిటికీ మూసి ఉంది. ఇంకేదైనా, ఇంకెవరైనా... అంతా వెతికి వెతికి, ఆఖరికి తన ఒంటి దగ్గరికే వచ్చి ఆగింది. అప్పుడే కోడలు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చూసింది. వాసన తగిలే ఉంటుంది. ఒక్క మాట అనలేదు ఆ పిల్ల! కనీసం జాలిగా కూడా చూడలేదు. పక్కన స్టూలు మీదున్న మంచినీళ్ళ చెంబు తీసి, నింపాదిగా, పరుపు మీద మొత్తం కుమ్మరించేసింది. ఆ తర్వాత ఇల్లంతా వినబడేలా, "అయ్యో, నా చేతులు పడిపోనూ! అత్తయ్య మంచమంతా నీళ్ళపాలు చేసేశాను!" అని అరిచింది.

కొడుకు గుమ్మం దాకా వచ్చి, "పొద్దున్నే మొదలెట్టావా!" అని వెళ్ళిపోయాడు.

అదీ మొదలు. తర్వాత ఎన్నిసార్లు ఆ చెంబు దొర్లిందో! గ్లాసు జారింది, నేల తుడిచే బకెట్టు తిరగబడింది, తడిబట్టల మూట పొరపాటున మంచం మీద పెట్టేసింది. కోడలి తెలివితేటలన్నీ ఆ అబద్ధాలకే ఖర్చయ్యాయి. ఆసుపత్రికి వెళ్దాం అత్తయ్యా, దీనికి మందులున్నాయట, ఇది జబ్బే గానీ తప్పు కాదు అని బతిమాలింది కూడా. తనే వినలేదు. "మావాడికి తెలిసిందా, నా మీద ఒట్టే!" అని ఆ పిల్ల చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుంది.

ఎందుకంత భయం? వాణ్ణి కన్నది తను. వాడి పక్కగుడ్డలు ఉతికింది తను. కానీ బిడ్డ తడి తల్లికి తెలియడం వేరు, తల్లి తడి బిడ్డకి తెలియడం వేరు. మొదటి దాంట్లో మనిషి ఎదుగుతున్నాడు. రెండోదాంట్లో... వాడు తనని అమ్మలా కాక, శుభ్రం చెయ్యాల్సిన ఒంటిలా చూసే ఆ మొదటి చూపుని తను తట్టుకోలేదు. అంతే.

సరే, అక్కడితో ఆగినా బాగుండేది. వియ్యపురాలు వచ్చిన రోజు... ఆ రోజు గుర్తొస్తే ఆవిడకి ఇప్పటికీ చెవులు వేడెక్కిపోతాయి. అందరూ భోజనాలకి కూర్చున్నారు. పిచ్చుక మామూలుగానే ఒలకబోతమ్మ కథలు ఎత్తుకుంది. అప్పుడు తను నోరు మూసుకుని ఉండొచ్చు. ఉండలేదు! "మా కోడలి చేతికి చెంబిస్తే చెరువేనమ్మా!" అంది. అందరూ పగలబడి నవ్వారు. వియ్యపురాలు కూడా నవ్వింది పాపం, కూతురి పెంపకానికి తనే జవాబుదారీ అన్నట్టు మొహం చిన్నబుచ్చుకుని. కోడలు తల దించుకుని, కంచంలోకి చూస్తూ నవ్వింది.

ఎందుకన్నాను ఆ మాట? ఆ పిల్లని చూసి నవ్వుతున్నంతసేపూ తన వైపు ఎవరూ చూడరనా? అదీ ఉంది. కానీ అంతకంటే ఘోరం ఇంకొకటుంది. ఆ క్షణంలో తను ఆ అబద్ధాన్ని నమ్మింది! నిజంగానే ఈ పిల్లకి చేతులు నిలవవు అనుకుంది. కాస్త విసుగు కూడా పడింది. అబద్ధంలో ఎక్కువకాలం కాపురం చేస్తే అదే సొంతిల్లు అయిపోతుంది కాబోలు...

"ఇది చూడండి ఒకసారి," అంటోంది కోడలు. "వెనక వీధిలో అద్దె ఇల్లు. కింది అంతస్తే. గదులు రెండు. మీరూ పిచ్చుకా ఒకదాంట్లో, నేనూ అత్తయ్యా ఒకదాంట్లో పడుకుంటాం. వాషింగ్ మెషీన్ ఉంది, వెనక బట్టలారేసుకునే చోటు కూడా..."

"మళ్ళీ వాషింగ్ మెషీన్!" కొడుకు ఫోను లాక్కుని చూశాడు. "ఇదేంటి, కిటికీ తెరిస్తే గోడ? ఆ గోడ చూడటానికా నేను సెలవు పెట్టింది? మనింటికి గోడలు లేవా?"

"ఊరు చూడటానికి బయటికి వెళ్తాం కదండీ. పడుకోవడానికేగా గది!"

"పడుకోవడానికేనా?" వాడి గొంతు మారింది. "నేనేం పని చేస్తానో నీకు తెలుసుగా. లిఫ్టు మెకానిక్కంటే ఎప్పుడూ పైపైనే తిరుగుతాడనుకుంటారు జనం. నా బతుకంతా లిఫ్టు కింద గుంటలో, గ్రీజులో గడిచింది. ఈ హోటల్లో కూడా చేశాను. వెనక గుమ్మంలోంచి వెళ్ళి, వెనక గుమ్మంలోంచే వచ్చాను. నేను బాగుచేసిన లిఫ్టులో ఎవరో ముసలావిణ్ణి వాళ్ళబ్బాయి చెయ్యి పట్టుకుని ఎక్కించుకుని, మీట నువ్వే నొక్కమ్మా అన్నాడు. ఆవిడ చిన్నపిల్లలా నొక్కింది. అప్పుడే అనుకున్నాను, మా అమ్మ చేత కూడా నొక్కించాలని. కుట్టుమిషను ముందు కూర్చునే ముసలిదైపోయింది అమ్మ! ఎక్కడికైనా వెళ్ళిందా? ఏమైనా చూసిందా? ఈ ప్రయాణమే అమ్మ కోసం. ప్రతిదానికీ నువ్వు ఒక పుల్ల వేస్తున్నావు!"

ఆవిడ చేతిలో దారం తెగింది. అయ్యో నాయనా... నా కోసమా! ఆ పన్నెండో అంతస్తు, ఆ తెల్లటి పరుపు, ఆ మీట... ఎవరిని కాపాడటానికి ఆ పిల్ల తిట్లు తింటోందో, ఎవరి కోసం వీడు తిడుతున్నాడో, ఆ ఇద్దరూ తనే! మధ్యలో తను బొత్తం కుడుతోంది!

కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పోనీ మీరూ పిచ్చుకా వెళ్ళిరండి. నేనూ అత్తయ్యా ఇంట్లోనే ఉంటాం."

"ఉంటే నువ్వుండు! మా అమ్మనెందుకు ఆపుతావు?" కొడుకు లేచి నిలబడ్డాడు. "ఆ గది ఎందుకొద్దో ఒక్క కారణం చెప్పు. ఒకే ఒక్కటి! ఇప్పుడే ఆ గది మానేస్తాను."

కోడలు ఒక్కసారి, రెప్పపాటు కాలం, అత్తగారి వైపు చూసింది. చెప్పమంటారా అని కాదు ఆ చూపు. మీరు మాట్లాడకండి అని!

"నాకు... నాకు ఎత్తంటే భయమండీ," అంది కోడలు.

కొడుకు మొహం వెలవెలపోయింది. లిఫ్టులు బాగుచేసే మనిషితో ఇన్నాళ్ళు కాపురం చేసి, ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పలేదా అన్నట్టు అలా నిలబడిపోయాడు.

"అబద్ధం!" పిచ్చుక అరిచింది. "మొన్న డాబా మీద ట్యాంకెక్కి కడిగిందిగా! నాన్నా, అమ్మ కావాలనే అబద్ధాలు చెబుతోంది. మనం సరదాగా ఉంటే అమ్మకి పడదు! రాకపోతే మానెయ్యమను. వస్తే మాత్రం అక్కడా ఏదో ఒకటి ఒలకబోసి మన పరువు తీస్తుంది!"

కన్నకూతురు మొహాన అలా అనేసరికి కోడలు కళ్ళు మూసుకుంది. దెబ్బ ఎక్కడ తగిలిందో ఎవరికీ తెలియకూడదన్నట్టు రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది. ఆ చేతులు... పొద్దున్నే తనకంటే ముందు లేచి, పిచ్చుక నిద్ర లేవకముందే దుప్పటి పిండి ఆరేసే ఆ చేతులు. సబ్బునీళ్ళకి వేళ్ళ సందులు చెక్కుకుపోయిన చేతులు...

ఆవిడ లేచింది. ఒళ్ళోంచి చొక్కా జారి కిందపడింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కొడుకు. "నువ్వు బాధపడకు. దాని మాటకేంలే."

ఆవిడ తన గదిలోకి వెళ్ళింది. దుప్పటి తొలగించి, పరుపు మీదున్న రబ్బరు గుడ్డని బయటికి లాగింది. ఎవరైనా చూసినా మామూలు పరుపుగుడ్డే అనుకోవాలని, దాని చుట్టూ పూల బట్ట వేసి తనే కుట్టింది. జీవితంలో ఇంత సన్నగా ఎప్పుడూ కుట్టలేదు! కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తనకే కనబడదు. దొంగతనం చేసే చేతికి పనితనం ఎక్కువ కాబోలు... దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆవిడ హాల్లోకి వచ్చింది. గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిరిగిపోవచ్చు. మామూలు పరుపుగుడ్డే అని చెప్పొచ్చు. ఇప్పటికీ కుదురుతుంది...

"ఏంటమ్మా అది?"

కోడలు ఒక్క ఉదుటున లేచి వచ్చి ఆ గుడ్డ పట్టుకుంది. "అది నాదండీ! ప్రయాణంలో బట్టలకి తడి తగలకుండా నేనే అత్తయ్య చేత కుట్టించాను. ఇటివ్వండి అత్తయ్యా..."

ఇంకా! ఇంకా అబద్ధమే! ఇంత అన్నా, ఇందరన్నా! ఆవిడకి ఒక్కసారిగా కళ్ళు మసకబారాయి.

"వదులు, అమ్మాయ్," అంది. "నా మీద ఒట్టు వేయించుకున్నానుగా. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఇక వదులు."

"అత్తయ్యా, వద్దు..."

"ఒరేయ్," అని కొడుకు వైపు తిరిగింది. వాడి మొహం చూడలేక చొక్కా రెండో బొత్తం దగ్గర చూపు ఆపింది. "ఈ ఇంట్లో ఒలకబోసింది ఆ పిల్ల కాదురా. నేను. నా పక్క తడిసిన ప్రతిసారీ నేనే. నా పరువు పోకుండా ఆ పిల్ల నీళ్ళు పోసింది. మీరు నవ్వారు. నేనూ... నేనూ నవ్వానురా!"

కొడుకు ఆ గుడ్డని చూశాడు, భార్య చేతుల్ని చూశాడు, తర్వాత సోఫాలో కూలబడ్డాడు. పిచ్చుక తల్లి వైపు ఒక అడుగు వేసి, ఇంకో అడుగు వెయ్యొచ్చో లేదో తెలియనట్టు ఆగిపోయింది. "అమ్మా..." అంది చాలా చిన్నగా.

తను భయపడిన ఆ చూపు వచ్చిందో లేదో ఆవిడ చూడలేదు. వచ్చే ఉంటుంది. రానీ. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మొయ్యలేదా?

"లిఫ్టు ఉన్నదే తీసుకోరా," అంది ఆవిడ. "మీట నేనే నొక్కుతాను."

సరదా ఆపుకోలేక పిచ్చుక పొద్దున్నే అటక మీంచి దింపించి, నాన్నమ్మ చీరలు సర్దేసిన పెట్టె సోఫా పక్కన నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ కోడలి వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా విడదీసి, గుడ్డని తన చేతిలోకి తీసుకుంది. మోకాలు మీద పెట్టుకుని, కుట్టేటప్పుడు నేర్చిన మడతలోనే, అంచుకి అంచు కలిపి మడిచింది. పెట్టెలో తన చీరల కింద పెట్టడానికి ఒక చెయ్యి అలవాటుగా చీరలు ఎత్తింది. ఒక్క క్షణం ఆగింది. చీరలు వదిలేసి, గుడ్డని అందరికీ కనబడేలా అన్నిటికంటే పైన పెట్టింది.